లోహ సంకలన తయారీతో మరమ్మతు

లోహ సంకలన తయారీతో మరమ్మతు అనగా అరిగిన లేదా దెబ్బతిన్న యంత్రభాగంపై, లోహం పోయిన చోట మాత్రమే కొత్త లోహాన్ని పొరలు పొరలుగా చేర్చి, దానిని తిరిగి పూర్వపు కొలతలకు తెచ్చే విధానం. వాడుకలో లోహ త్రీడీ ప్రింటింగు అని పిలిచే సాంకేతికతలో ఇది ఒక శాఖ.

పద్ధతి

ఈ పనికి విరివిగా వాడే పద్ధతి లేజర్ క్లాడింగ్. ముందుగా అరిగిన చోటును శుభ్రపరచి, పగుళ్ళున్న లోహాన్ని తొలగిస్తారు. లేజర్ కిరణం ఆ ఉపరితలాన్ని కొద్దిమేర కరిగిస్తుంది. ఆర్గాన్ వాయువుతో కలిసి నాజిల్ ద్వారా వచ్చే లోహపు పొడి అందులో కరిగి, గట్టిపడి, పాత లోహంతో ఏకమవుతుంది. చివరకు లేత్ లేదా గ్రైండింగ్ యంత్రంపై సరైన కొలతకు తెస్తారు. ఆర్క్ వెల్డింగ్ కంటే ఇందులో వేడి తక్కువ మేర వ్యాపిస్తుంది కనుక భాగం వంగిపోయే ప్రమాదం తక్కువ. కోల్డ్ స్ప్రే అనే మరో పద్ధతిలో పొడిని కరిగించకుండానే, ధ్వనిని మించిన వేగంతో ఉపరితలానికి తాకించి అతికిస్తారు.

చరిత్ర

1980వ దశకం ఆరంభంలో రోల్స్ రాయిస్ సంస్థ విమాన ఇంజన్ల టర్బైను రెక్కలపై లేజర్ క్లాడింగును ఉపయోగించింది. 1990వ దశకంలో అమెరికాలోని శాండియా జాతీయ ప్రయోగశాలలో లెన్స్ అనే పద్ధతి రూపొందింది. తెలుగునాట ఈ రంగంలో ముఖ్యమైన సంస్థ హైదరాబాదు శివార్లలోని బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ. 1997లో ఏర్పడిన ఈ సంస్థ కేంద్ర శాస్త్ర, సాంకేతిక విభాగం కింద స్వయంప్రతిపత్తితో పనిచేస్తుంది. లేజర్ క్లాడింగ్, కోల్డ్ స్ప్రే రెండూ దీని పరిశోధనాంశాలు.

పత్తి, మిర్చి యంత్రాలకు అన్వయం

2022 పునర్విభజనకు పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాలు పత్తి, మిరప పంటలకు ప్రసిద్ధి. జిన్నింగ్ మిల్లుల షాఫ్టులు బేరింగులు కూర్చునే చోట అరుగుతాయి. కారం మిల్లుల సుత్తులు నిరంతర రాపిడికి పలచబడతాయి. మిర్చి నిల్వచేసే శీతల గిడ్డంగులు కంప్రెసర్లపై ఆధారపడతాయి. పంటకాలంలో ఒక్క భాగం చెడినా మిల్లు నిలిచి, రైతు సరుకు వేచి ఉండవలసి వస్తుంది. అరిగిన షాఫ్టును వెల్డింగుతో నింపి లేత్‌పై తిప్పడం వర్క్‌షాపులకు చిరకాలంగా తెలిసిన పనే. లేజర్ క్లాడింగ్ మూలసూత్రం కూడా అదే. తేడా వేడిపై, పొర మందంపై ఉండే నియంత్రణలో ఉంది.

పరిమితులు

లేజర్ పరికరాలు, లోహపు పొడి ఖరీదైనవి. అందువల్ల సుత్తి, సాధారణ షాఫ్టు వంటి చవక భాగాలకు కొత్తది కొనడమో, మామూలు వెల్డింగో లాభదాయకం. విడిభాగాలు దొరకని పాత యంత్రాలకు, పెద్ద కంప్రెసర్ క్రాంకుషాఫ్టు వంటి విలువైన భాగాలకు ఈ పద్ధతి తగినది. పోత ఇనుములో కార్బన్ ఎక్కువ కనుక పగుళ్ళు రావచ్చు. దానిని ముందుగా వేడిచేయవలసి ఉంటుంది. పైకి నునుపుగా కనిపించే పొర లోపల రంధ్రాలు, పగుళ్ళు ఉండవచ్చు. కాబట్టి వేగంగా తిరిగే భాగాన్ని అల్ట్రాసోనిక్ వంటి పరీక్షలు జరపకుండా తిరిగి బిగించడం మనుషుల ప్రాణాలకే ప్రమాదకరం.