కమాన్ ఎగరేస్తుంది, నూనె ఆపుతుంది

లారీ షెడ్డుకి వెళితే "కమాన్ కట్టలు" అన్న మాట వినబడుతుంది. ఫార్సీలో కమాన్ అంటే విల్లు. ఉర్దూలో స్ప్రింగుని కమానీ అనడం అక్కడి నుంచే వచ్చింది. వంచితే వంగుతుంది, వదిలితే ఎగురుతుంది. బండి కింద జరిగే సంగతిలో సగం ఆ పేరులోనే ఉంది. మిగతా సగం, అంటే ఎగిరిన కమాన్‌ని ఆపడం ఎలా అన్నది, మోటారు జమానా వచ్చాక గానీ పెద్ద సవాల్ కాలేదు. ఈదీ డబ్బులు దాచుకుని కొన్న రిమోట్ ట్రక్కుకి ఇవాళ మన పిల్లలు కొత్త షాక్ అబ్సార్బర్లు బిగిస్తున్నారంటే, తెలియకుండానే ఆ తారీఖ్ మొత్తాన్ని మళ్ళీ నడిపిస్తున్నారన్న మాట.

గుర్రపు బగ్గీలకి కమాన్ పట్టీలే చాలేవి. నడక నెమ్మది, పైగా పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుని ఊపుని కొంత తినేసేవి. మోటారు కార్లు వచ్చి వేగం పెరిగాక అసలు ముసీబత్ మొదలైంది. గుంతలో పడ్డ చక్రం నేలని వదిలి గాల్లో ఆడేది. నేల తగలని చక్రానికి బ్రేకూ పని చేయదు, స్టీరింగూ పని చేయదు. ఫ్రాన్స్‌లో ట్రుఫో అనే ఆయన రాపిడి బిళ్ళలతో ఒక ఇలాజ్ కనిపెట్టాడు. దాన్ని అమెరికాలో ఎడ్వర్డ్ హార్ట్‌ఫోర్డ్ 20వ శతాబ్దం మొదట్లో అమ్మకానికి పెట్టాడు. అయితే రాపిడిలో ఒక ఐబు ఉంది. చిన్న కుదుపుకి అసలు కదలదు. కదిలాక నెమ్మదిగా నొక్కినా, గట్టిగా కొట్టినా దాదాపు ఒకే జోరుతో అడ్డుకుంటుంది. అరిగేకొద్దీ ఆ జోరు కూడా తగ్గిపోతుంది.

నూనె స్వభావం వేరు. సూది తీసేసిన సిరంజిలో నీళ్ళు నింపి నొక్కి చూడండి. మెల్లగా నొక్కితే సులువుగా పోతుంది, ఒక్కసారిగా నొక్కితే మొండికేస్తుంది. సన్నటి రంధ్రం గుండా నూనెని తోసే ఈ సూత్రం మీదే ఫ్రాన్స్‌లో మోరిస్ హుదాయ్ తన షాక్ అబ్సార్బర్ తయారు చేశాడు. ఆ తర్వాత గొట్టంలో పిస్టన్ ఆడే రకం మామూలైపోయింది. గాలి కలిసి నూనె నురగ కట్టే బాధ మాత్రం మిగిలింది. ఫ్రాన్స్‌కే చెందిన ద కార్బన్ ఒత్తిడి నింపిన గ్యాస్‌తో దానికి దారి చూపాడు. ఆ పద్ధతిలో బిల్‌స్టీన్ చేసిన షాకులు 1957లో మెర్సిడెస్ కార్లకి ఎక్కాయి.

ఇక బొమ్మల సంగతి. జపాన్‌లోని షిజువోకాకు చెందిన టమియా కంపెనీ 1976లో పోర్షే 934 రేడియో కారు తెచ్చింది. అది నున్నటి నేల మీద తిరిగే బండి. 1979లో మట్టిలో పరిగెత్తే శాండ్ స్కార్చర్ వచ్చింది. 1984లో టమియాయే రెండు బండ్లు తీసింది. చవకైన గ్రాస్‌హాపర్‌కి షాకుల్లో నూనె లేదు. దాని అన్నలాంటి హార్నెట్‌కి వెనక చక్రాల దగ్గర నూనె షాకులు పెట్టారు. అదే సంవత్సరం అమెరికాలో టీమ్ అసోసియేటెడ్ నాలుగు చక్రాలకీ అల్యూమినియం నూనె షాకులున్న ఆర్‌సీ10ని దించింది. 1987లో వచ్చిన మిడ్‌నైట్ పంప్‌కిన్ అనే పికప్ ట్రక్కు బంతిలా ఎగిరే బండిగా మషూర్. దాన్ని కొన్నవాళ్ళలో చాలామంది షాకులు మార్చుకుంటారు.

బండి ఇంకా చిన్నదైతే లెక్క మారిపోతుంది. పొడవు పదో వంతుకి తగ్గితే బరువు సుమారు వెయ్యో వంతుకి పడిపోతుంది. 1/24 సైజులో అయితే దాదాపు 14,000వ వంతు. అంత తేలికైన బండిలో పిస్టన్ కడ్డీ చుట్టూ ఉండే రబ్బరు రింగు పట్టే చిన్న బిగువే పెద్ద బ్రేకు అయిపోతుంది. అందుకే ఆక్సియల్ ఎస్‌సీఎక్స్24 లాంటి బుల్లి ట్రక్కు నూనె లేని ప్లాస్టిక్ షాకులతో వచ్చింది. 2022లో వచ్చిన ట్రాక్సస్ టీఆర్‌ఎక్స్-4ఎమ్, 1/18 సైజుది, డబ్బాలోంచే నూనె షాకులతో వచ్చింది.

కాబట్టి పిల్లలు మెరిసే లోహం చూసి మోసపోకుండా చూడండి. లోపల నూనె లేకపోతే అది జేవర్ మాత్రమే. పైగా బరువైన షాకులు ఎత్తులో బిగిస్తే ట్రక్కు వాలు మీద త్వరగా బోల్తా పడుతుంది. తేలిక బండికి మెత్తటి స్ప్రింగు, పలచటి సిలికాన్ నూనె కావాలి. వంటనూనె, ఇంజిన్ ఆయిల్ పోయకూడదు. రబ్బరు పాడవుతుంది. నూనె పోశాక పిస్టన్‌ని మెల్లగా పైకీ కిందకీ ఆడించి, బుడగలన్నీ పైకొచ్చేదాకా సబ్ర్‌తో ఆగి, అప్పుడు మూత బిగించాలి. స్ప్రింగు తొడగకముందు కడ్డీని వేలితో తోస్తే ఎక్కడా పట్టేయకుండా, ఒకే తీరుగా కదలాలి.

మన బిరాదరీలో ఎన్నో ఇళ్ళు షెడ్డు పని మీదే నిలబడ్డాయి. అయినా "చదువు అబ్బకపోతే మెకానిక్ దగ్గర పెట్టండి" అన్న మాట మనమే అంటాం. ట్రుఫో, హుదాయ్ పేర్లు కితాబుల్లో ఉన్నాయి. కారు మూలని చేత్తో అదిమి వదిలి, అది ఎన్నిసార్లు ఊగిందో చూసి "షాకులు పోయాయి సాబ్" అని చెప్పే ఉస్తాద్ పేరు ఏ కితాబులోనూ లేదు. కానీ ఆయన చేతిలో ఉన్నదీ అదే ఇల్మ్.

మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ బొమ్మ ట్రక్కు విప్పి కూర్చుంటే పైసలు తగలేశావని కసురుకోకండి. ఆ షాకు పట్టుకుని, ఖాందాన్‌లో షెడ్డు నడిపే మామూ దగ్గరికి ఒక ఆదివారం తీసుకెళ్ళండి. నూనె ఎందుకు పోస్తారో ఆయన్నే చెప్పమనండి. స్కూల్ పుస్తకంలో ఆ పాఠం వచ్చినప్పుడు, అది తన మామూ చేసే పనే అని పిల్లలకి తెలియాలి.