సుగ్గికి ఎవరు రాస్తారు గైడు?

మూడేళ్ల కిందట మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు కంపెనీవాళ్లు ఒక పీడీఎఫ్ పంపారు. కాంట్రాక్టులో ఏం చూసుకోవాలి, ఇల్లెలా వెతకాలి, పిల్లల బడి, ఇన్సూరెన్సు, సామాన్ల ఖర్చుకి అలవెన్సు, అన్నీ అందులో ఉన్నాయి. ఎమ్మిగనూరులో మా అవ్వకి సంగతి చెప్తే ఆమె అడిగిన మొదటి ప్రశ్న: "మీ మేస్త్రీ ఏ ఊరోడప్పా?"

అప్పుడు నవ్వాను. అవ్వ వయసులో ఉండగా ఏటా సుగ్గికి పోయిన మనిషి. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి పల్లెల్లో అదే మాటకి వలస అని అర్థం. ఇక్కడ పనులు అయిపోగానే గుంటూరు వైపు మిరప కోతలకో, బెంగళూరు, హైదరాబాదుల్లో కట్టడం పనులకో పోతారు. అవ్వ దగ్గరా ఒక పీడీఎఫ్ ఉంది, నోటిమాటగా. మేస్త్రీ ఊరు తెలుసుకో. లారీ ఎక్కకముందే నలుగురి ముందు కూలి మాట్లాడుకో. నీళ్లు యాడుండాయో అడుగు. ఎండు రొట్టెలు, చెనక్కాయల పొడి కట్టుకో. పిల్లోళ్ల బడి పోకుండా ఇంట్లో ఒక పెద్దమనిషిని ఉంచు.

ఈ సలహాలు కాగితం మీదకి ఎందుకెక్కలేదా అని చరిత్ర తిరగేశాను. ఫిజీకి 1903 నుంచి మద్రాసు ద్వారా కూలీలను పంపినప్పుడు కూడా ఒక ఒప్పంద పత్రం ఉండేది. అయిదేళ్ల పని, మగవాళ్లకి రోజుకొక షిల్లింగు, పదేళ్లుంటే తిరుగు ప్రయాణం ఉచితం. ఆ కాగితం వాళ్లని కాపాడిందని కాదు. దాని పేరున జరిగిన దారుణాలు తక్కువేం కాదు. కానీ సముద్రం దాటేవాణ్ణి ప్రభుత్వం లెక్క రాసుకుంది.

నేల మీద రాష్ట్రం దాటి పోయేవాళ్లకి 1979లో ఒక చట్టం వచ్చింది. ఆ ఏడు వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం, అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువమందిని తీసుకెళ్లే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాల్సి ఉండేది. కూలీకి ఫొటో అంటించిన పాసుబుక్కు ఇవ్వాల్సి ఉండేది, కూలీ భాషలో కూడా రాసి. దారి ఖర్చు ఇవ్వాల్సి ఉండేది. ఊరు విడిచినందుకు నెల కూలిలో సగం, లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. అంటే నా రీలొకేషన్ అలవెన్సే!

మెలిక అంతా "అంతర్రాష్ట్ర" అన్న మాటలో ఉంది. ఆదోని నుంచి గుంటూరు మూడొందల కిలోమీటర్లకు పైనే. అయినా రాష్ట్రం ఒకటే కాబట్టి ఆ చట్టం లెక్కలో అది వలస కాదు. ఎంతో దగ్గరున్న బళ్లారికి పోతే మాత్రం వలస. 1953 అక్టోబరు 1 వరకు ఆదోని తాలూకా ఉన్నది బళ్లారి జిల్లాలోనే. ఆ రోజు ఆదోని ఆంధ్రకీ, బళ్లారి మైసూరుకీ పోయాయి. 2014 జూన్ 2న హైదరాబాదు కూడా వేరే రాష్ట్రమైంది. కూలీ నడిచే దారి మారలేదు, దాని మీద గీత మాత్రం జరిగింది. 2020 నాటి కొత్త కోడ్‌లో ఈ చట్టాన్ని కలిపేశారు. "అంతర్రాష్ట్ర" మిగిలింది, ఊరు విడిచినందుకిచ్చే భత్యం మిగల్లేదు.

నన్ను ఎక్స్‌పాట్ అన్నారు, అవ్వని సుగ్గిమనిషి అన్నారు. ఇద్దరం చేసింది ఒకటే, పని ఉన్న చోటికి పోవడం. నాకు మాత్రం ఏదైనా తేడా వస్తే అడగడానికి సంతకం ఉన్న కాగితం ఉంది. అవ్వ అడిగిన ప్రశ్న ఆ కాగితం గురించే. కూలి ఎగ్గొడితే ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలో తెలియాలి కదా. మేస్త్రీ ఊరి పేరే ఆమెకున్న అగ్రిమెంటు.

ఈమధ్య మా ఆఫీసులో చేరబోతున్న ఒకబ్బాయి సలహా అడిగితే, పీడీఎఫ్ పంపే ముందు అవ్వ ప్రశ్నే అడిగాను.