వెన్నుపూస చరిత్రలో ఆమె ఎక్కడ?

కడుపుతో ఉన్న స్త్రీ "నడుము లాగేస్తోంది" అంటే మన ఇళ్ళల్లో దొరికే జవాబు అందరికీ తెలిసిందే. "కడుపన్నాక నొప్పులుండవా?" అని అమ్మ అంటుంది, అత్తగారంటుంది, చాలాసార్లు డాక్టరూ అంటుంది. నిజమే, ఆ నొప్పుల్లో చాలా వరకు కాన్పుతో పోయేవే. కానీ "సహజం" అనే ఆ ఒక్క మాట కింద ఏమేమి కప్పడిపోతాయో చూడాలంటే, వైద్య చరిత్రలో ఎవరూ పెద్దగా తొంగిచూడని ఒక మూలకి వెళ్ళాలి. ఆ మూలలో ఉన్నది వెన్నుపూసలో వచ్చే ఒక రక్తనాళాల గడ్డ. దీన్ని డాక్టర్లు వెర్టిబ్రల్ హిమాంజియోమా అంటారు.

ఇది కాన్సర్ కాదు. ఎముక లోపల సన్నటి రక్తనాళాలు గుంపుగా అల్లుకుపోవడం. 1920లలో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ష్మోర్ల్ అనే శాస్త్రవేత్త చనిపోయినవారి వెన్నెముకలను వేల సంఖ్యలో పరీక్షించి, నూటికి సుమారు 11 మందిలో ఈ గడ్డ ఉందని తేల్చాడు. వాళ్ళలో దాదాపు అందరూ అది ఉన్నట్టు తెలియకుండానే బతికినవాళ్ళు. బాధపెట్టేవి నూటికి ఒకటి. వెన్నుపాముని నొక్కి కాళ్ళు పడిపోయేలా చేసేవి మరీ అరుదు. ఎక్స్‌రేలో ఇది కార్డురాయ్ గుడ్డ మీది నిలువు చారల్లా, సి.టి. స్కాన్‌లో చుక్కల గుడ్డలా కనిపిస్తుందని వైద్య పుస్తకాలు వర్ణిస్తాయి. పోలికలకి గుడ్డలు పనికొచ్చాయి గానీ, ఆ గుడ్డలు కట్టుకునేవాళ్ళ మాట ఆ పుస్తకాల్లో ఎంతవరకు ఉంది?

వెన్నెముక గడ్డల ఆపరేషన్ కథను సాధారణంగా లండన్‌లో మొదలుపెడతారు. 1887 జూన్ 9న విక్టర్ హార్స్‌లీ ఒక సైనికాధికారి వెన్నుపాముని నొక్కుతున్న గడ్డను తీశాడు. అది రక్తనాళాల గడ్డ కాదు. కానీ వెన్ను తెరిచి గడ్డ తీస్తే చచ్చుబడ్డ మనిషి మళ్ళీ నడవగలడని లోకానికి తెలిసింది అప్పుడే. రోగి పేరు కెప్టెన్ గిల్బీ అని ఇవాళ చరిత్ర పుస్తకాలు చెబుతాయి. హార్స్‌లీ స్త్రీల ఓటు హక్కును బలపరిచినవాడు కూడా. ఆ సంగతి ఆపరేషన్ కథల్లో అంతగా వినిపించదు.

మన కథలోకి స్త్రీ 1928లో వస్తుంది. అర్జెంటీనాలో బలాదో, మొరేయా అనే ఇద్దరు డాక్టర్లు, గర్భవతిగా ఉండగా కాళ్ళు చచ్చుబడిన స్త్రీ గురించి రాశారు. కారణం వెన్నులోని ఇలాంటి గడ్డే. ఆ తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటిగా ఇలాంటి నివేదికలు పోగయ్యాయి. ఎక్కువగా ఆరేడు నెలలు దాటాకే. ఎందుకని? గర్భంలో ఒంట్లో రక్తం నూటికి 40, 50 వంతులు పెరుగుతుంది. పెరిగిన గర్భసంచి పొట్టలోని పెద్ద సిరను నొక్కుతుంది. దారి మూసుకున్న రక్తం వెన్నెముక చుట్టూ ఉన్న సిరల్లోకి మళ్ళుతుంది. అంతవరకూ మౌనంగా ఉన్న గడ్డ ఉబ్బుతుంది. హార్మోన్ల పాత్ర కూడా ఉందంటారు. ఆ సిరల దారిని 1940లో వివరంగా చూపింది ఆస్కార్ బాట్సన్. ఆయన ప్రధానంగా వెతుకుతున్నది ప్రోస్టేట్ కాన్సర్ వెన్నెముకకి ఎలా పాకుతుందన్న జవాబు. మగవాడి జబ్బు కోసం గీసిన పటం గర్భిణి నొప్పికి అర్థం చెప్పింది!

ఈ ఆపరేషన్‌లో పెద్ద భయం రక్తస్రావం. గడ్డ అంతా రక్తనాళాలే మరి. 1960లలో వెన్నుపాము రక్తనాళాలకు మందు ఎక్కించి ఫోటో తీసే పద్ధతి వచ్చింది. తర్వాత, కత్తి పెట్టకముందే గడ్డకి రక్తం తెచ్చే నాళాలను సన్నటి గొట్టం ద్వారా మూసేయడం నేర్చుకున్నారు. 1984లో ఫ్రాన్స్‌లోని ఆమియేన్‌లో గలిబేర్, దెరామోన్ మరో అడుగు వేశారు. మెడలోని రెండో పూసలో ఈ గడ్డ వచ్చి, తీవ్రమైన నొప్పితో ఉన్న 54 ఏళ్ళ స్త్రీకి, సూదితో పూసలోకి ఎముకల సిమెంటు ఎక్కించారు. నొప్పి పోయింది. వెర్టిబ్రోప్లాస్టీ అలా పుట్టింది. ఆ తర్వాత అది ఎముకలు గుల్లబారి పూసలు విరిగిన వృద్ధులకు, అందులోనూ ఎక్కువగా స్త్రీలకు, విరివిగా చేశారు. 2009లో వచ్చిన రెండు పరిశోధనలు, అలా విరిగిన పూసల విషయంలో ఇది ఉత్తుత్తి చికిత్స కన్నా మెరుగేమీ కాదన్నాయి. ఎవరి శరీరం మీద ఏది ఎంత తొందరగా ప్రయోగిస్తామన్న ప్రశ్న అక్కడా ఉంది.

ఆ 54 ఏళ్ళ స్త్రీ పేరు మనకి తెలియదు. తెలియకపోవడమే సరైనది. రోగి గోప్యత ఆమె హక్కు. నా అభ్యంతరం పేరు లేకపోవడం గురించి కాదు, మాట లేకపోవడం గురించి. వయసు, ఎన్నో కాన్పు, ఎన్నో వారం, ఏ పూస... నివేదికల్లో ఇవన్నీ ఉంటాయి. ఆమె నొప్పిని మొదట ఎవరికి చెప్పింది, వాళ్ళు ఏమన్నారు, ఎన్నిసార్లు చెప్పాక స్కానింగ్ దాకా వెళ్ళింది అన్నవి మాత్రం అరుదుగా ఉంటాయి. జబ్బు ముదరడంలో గడ్డ పాత్ర ఎంతో, వినని చెవుల పాత్ర ఎంతో చెప్పాల్సింది అక్కడే కదా!

ఇవాళ చాలామంది సర్జన్లు పాటించే పద్ధతి ఇది: 32 వారాల లోపు కాళ్ళ బలం వేగంగా పోతుంటే గర్భం ఉండగానే ఆపరేషన్, ఆ తర్వాతైతే ముందు కాన్పు. కొందరికి కాన్పుతోనే బలం తిరిగొస్తుంది. ఒక ప్రాణం లోపల, ఒక వెన్నెముక బయట. ఈ తూకంలో నిర్ణయం ఎవరిది? మన దగ్గర సంతకం కోసం ముందు భర్తని పిలుస్తారు. సొంతంగా నిర్ణయం తీసుకోగల వయోజన స్త్రీ బదులు కన్నతల్లి ఇచ్చిన అంగీకారం కూడా చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. ఆ తీర్పు సందర్భం వేరే ఆపరేషన్, కానీ సూత్రం ఒకటే.

స్కానింగ్ రిపోర్టులో హిమాంజియోమా అన్న మాట చూసి ఎవరూ బెంబేలెత్తనక్కర్లేదు. చాలావాటికి ఏ చికిత్సా అవసరం లేదు. కానీ నడక తడబడుతున్నా, కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మూత్రం ఆగిపోతున్నా అది కడుపుతో వచ్చే మామూలు నొప్పి కాదు. రేడియేషన్ లేని ఎం.ఆర్.ఐ. గర్భిణికీ తీయవచ్చు. దాని కంటే ముందు కావలసినది ఖర్చులేనిది: "ఎక్కడ, ఎలా ఉంది, ఎప్పటినుంచి?" అని ఆమెను అడగడం, ఆమె చెప్పింది చివరిదాకా వినడం.