ల్యాండ్ రోవర్: పదమూడేళ్లు ఆలస్యమైన మార్పు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తర్వాత బ్రిటన్‌లో ఉక్కుకు రేషన్ కొనసాగుతూ, ఎగుమతులు చేయగల పరిశ్రమలకే ముడిసరుకు దక్కుతున్న రోజుల్లో, కార్ల ఉత్పత్తి పుంజుకునేదాకా కర్మాగారం ఖాళీగా ఉండకూడదని రోవర్ కంపెనీ తాత్కాలికంగా తలపెట్టిన వాహనం ల్యాండ్ రోవర్. ఆ కంపెనీ ఇంజనీరింగ్ విభాగానికి సారథి అయిన మారిస్ విల్క్స్, వేల్స్‌లోని ఆంగ్లసీ ద్వీపంలో తన పొలం పనులకు వాడుతున్న మిగులు సైనిక జీపును చూసి, దాని స్థానంలో స్వదేశీ వాహనం ఒకటి ఉండాలని సంకల్పించారు. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో లోకానికి పరిచయమైన ఆ బండికి ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలే. ఉక్కు కొరత కారణంగా దాని పైభాగాన్ని బర్మాబ్రైట్ అనే అల్యూమినియం మిశ్రలోహపు రేకుతో కట్టారు. ఇంజను శక్తిని వ్యవసాయ యంత్రాలకు మళ్లించే ‘పవర్ టేకాఫ్’ షాఫ్టును అమర్చుకునే వీలు ఉండటంతో అది సగం ట్రాక్టరుగా, సగం సరుకు బండిగా రైతులకు అక్కరకు వచ్చింది.

తాత్కాలికమనుకున్న ఆ వాహనం కంపెనీ తయారుచేసే కార్లనే మించి అమ్ముడై, బ్రిటిష్ సైన్యంలోకీ ఆఫ్రికా, ఆస్ట్రేలియా మారుమూలలకూ చేరింది. 1958లో రెండో సిరీస్, 1971లో మూడో సిరీస్ వచ్చి ఇంజను, గేరుబాక్సు, డ్యాష్‌బోర్డు కొంత మెరుగుపడ్డాయి గానీ అడుగుభాగం మాత్రం తొలినాటిదే. ఇరుసులను మోసేవి గుర్రపు బండ్ల నాటి నుంచీ వస్తున్న కమాను కట్టలు, అంటే ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు. ఇవి బరువు మోయడంలో దిట్టలైనా ఎగుడుదిగుడు నేలపై చక్రం పైకీ కిందికీ తగినంత కదలనివ్వవు కనుక, గుంటలో దిగాల్సిన చక్రం గాలిలో తేలి పట్టు కోల్పోతుంది.

పోటీ ఎక్కడ మొదలైందో చూస్తే ఈ లోపం విలువ తెలుస్తుంది. ఆస్ట్రేలియాలోని స్నోయీ పర్వతాల జలవిద్యుత్ పథకంలో తొలుత ల్యాండ్ రోవర్లదే రాజ్యం కాగా, 1950ల చివర్లో గుత్తేదారు లెస్లీ థీస్ జపాన్ నుంచి టయోటా ల్యాండ్ క్రూయిజర్లను తెప్పించారు. ఆరు సిలిండర్ల, 3.9 లీటర్ల ఇంజను గల ఆ బండి ముందు 2.25 లీటర్ల నాలుగు సిలిండర్ల బ్రిటిష్ ఇంజను తేలిపోయింది. 1970లు వచ్చేసరికి ఆస్ట్రేలియాలోనూ ఆఫ్రికాలోనూ రోవర్ ఏళ్ల తరబడి పెంచుకున్న మార్కెట్టు టయోటా వైపు తిరిగింది.

విచారించదగిన విషయమేమంటే, మందు ఆ ఇంట్లోనే ఉంది. మారిస్ విల్క్స్ మేనల్లుడైన స్పెన్ కింగ్ నాయకత్వంలో రూపొంది 1970లో విడుదలైన రేంజ్ రోవర్‌లో, చుట్టలు చుట్టిన కాయిల్ స్ప్రింగుల వల్ల చక్రాలు బాగా దిగి లేచి నేలను వదలకుండా ఉండేవి. పైగా నాలుగు చక్రాలకూ నిరంతరం శక్తి అందే ఏర్పాటు, మలుపుల్లో ముందు వెనుక ఇరుసులు వేర్వేరు వేగాలతో తిరిగే వీలు కల్పించే మధ్య డిఫరెన్షియల్, 3.5 లీటర్ల వీ8 ఇంజను అందులో ఉన్నాయి. ఇవన్నీ సంపన్నుల బండికి దక్కి, పొలంలోనూ గనిలోనూ శ్రమించే బండికి దక్కలేదు. ఇందుకు ఇంజనీర్లను నిందించడం న్యాయం కాదు. రోవర్ భాగంగా ఉన్న, 1968లో ఏర్పడిన బ్రిటిష్ లేలాండ్ సంస్థ నష్టాల్లో కూరుకుపోయి 1975లో ప్రభుత్వ పరమైంది. పట్టణాల కార్లలో పోసిన డబ్బు తిరిగి రాక, లాభం తెచ్చే ల్యాండ్ రోవర్‌కు పెట్టుబడి కరువైంది.

1978లో ల్యాండ్ రోవర్‌ను సంస్థలోనే ప్రత్యేక కంపెనీగా విడదీశాకే చలనం వచ్చింది. మరుసటి ఏడాది వీ8 ఇంజనును శక్తి తగ్గించి పాత ఛాసిస్‌లో అమర్చారు. కమాను కట్టలు అలాగే ఉన్న ఆ బండిని మధ్యంతర ఉపాయంగానే చూడాలి. అసలు మార్పు 1983లో జెనీవా ప్రదర్శనలో వన్ టెన్ పేరుతో కనిపించింది. కాయిల్ స్ప్రింగులు, నిరంతర నాలుగు చక్రాల చోదన, ఐదు గేర్లు, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, ఒకే పలక అద్దం కలిగిన ఈ బండి చూపులకు పాతదానిలాగే ఉన్నా నడకలో వేరు. రేకును అట్టే మార్చకుండా కిందిదంతా మార్చిన ఆ నిర్ణయమే ఈ వాహన చరిత్రలో అత్యంత తెలివైనది. కాకపోతే, 1970లోనే సాధ్యమైన పని పదమూడేళ్లు ఆగింది. పొట్టి రకమైన నైంటీ 1984లో వచ్చింది.

ఇంజను లోటు తీరడానికి మరికొంత కాలం పట్టింది. ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్మే 200టీడీఐ డీజిల్ ఇంజను 1989లో ల్యాండ్ రోవర్ వారిదే అయిన డిస్కవరీ అనే వాహనంతో వచ్చి, మరుసటి ఏడాది డిఫెండర్ అని కొత్త పేరు పెట్టుకున్న ఈ బండిలోనూ చేరింది. 1998 నాటి టీడీ5లో ఎలక్ట్రానిక్ నియంత్రణ ప్రవేశించగా, ఫోర్డ్ యాజమాన్యంలో ఉన్న 2007లో ట్రాన్సిట్ వ్యాన్‌కు చెందిన 2.4 లీటర్ల ఇంజనూ ఆరు గేర్ల పెట్టే వచ్చాయి. ఆ ఇంజను ఎత్తుకు సరిపడేలా బానెట్‌ను కొంత ఉబ్బెత్తుగా మలచి, అద్దం కింద దశాబ్దాలుగా ఉన్న గాలి తలుపులను తీసేశారు.

అయితే 1948 నాటి ఆకృతిలో ఎయిర్‌బ్యాగులూ, పాదచారుల రక్షణ నిబంధనలూ, ఉద్గార పరిమితులూ ఇమడలేదు. 1997 తర్వాత అమెరికా మార్కెట్టు ఎయిర్‌బ్యాగుల నియమం వల్లనే మూసుకుపోయింది. 2008లో టాటా మోటార్స్ చేతికి వచ్చిన తర్వాత కూడా ఎనిమిదేళ్ల దాకా ఉత్పత్తి సాగి, 2016 జనవరి 29న సోలిహల్ కర్మాగారం నుంచి చివరి బండి బయటికి వచ్చింది. 2019లో ఆవిష్కరించిన కొత్త డిఫెండర్‌కు విడి ఛాసిస్ లేదు. అది స్లొవేకియాలోని నిత్రాలో తయారవుతుంది, దాని ధర పొలం బండి ధర కాదు. 1984లో మొదలైన టయోటా ల్యాండ్ క్రూయిజర్ 70 సిరీస్ మాత్రం విడి ఛాసిస్‌ను వదలకుండా, ఇంజనునూ రక్షణ సామగ్రినీ విడతలవారీగా మార్చుకుంటూ ఆస్ట్రేలియా గనులకూ పశువుల క్షేత్రాలకూ నేటికీ సరఫరా అవుతోంది.