మతి తప్పడానికి పేరు పెట్టినవాళ్లు

ఉన్మాదం అనే మాట ఇప్పుడు మతోన్మాదం, యుద్ధోన్మాదం అంటూ తిట్టుగానే ఎక్కువ వినిపిస్తోంది. మొదట్లో అది ఒక బాధకు పేరు. అథర్వవేదం ఆరో కాండలో, కట్టేసి ఉండి ఏదేదో వదరుతున్న మనిషిని విడిపించమని అగ్నిని వేడుకునే సూక్తం ఉంది. ఆ మనిషికి మందు చేస్తానన్న మాట కూడా అందులోనే ఉంది.

ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో నిదానస్థానం ఏడో అధ్యాయం ఈ రోగాన్ని ఇంట్లోవాళ్ల కళ్లతో చూసినట్టుంటుంది. మనసు, బుద్ధి, ఎరుక, జ్ఞాపకం, భక్తి, శీలం, చేష్ట, ఆచారం: ఈ ఎనిమిదీ గతి తప్పడమే ఉన్మాదమంది. ఇక్కడ భక్తి అంటే దేవుడి మీద భక్తి కాదు, ఇష్టం. నిన్నటిదాకా ప్రాణంగా చూసుకున్నవాటిని మనిషి ఇవాళ విదిలించి కొడుతుంటే, ముందుగా గుండె జారేది ఇంట్లోవాళ్లకే కదా!

ఉన్మాదాలు ఐదు రకాలు. వాత, పిత్త, కఫాలనే దోషాల వల్ల వచ్చేవి మూడు, మూడూ కలిసి వచ్చేది నాలుగోది. బయటినుంచి సోకే ఆగంతుకం ఐదోది. దేవతలు, పిశాచాల ప్రస్తావన ఈ ఐదోదాని దగ్గరే వస్తుంది. అయినా తనంతట తాను చెడని మనిషిని ఏ పిశాచమూ పీడించదని, తప్పు ప్రజ్ఞాపరాధానిదేనని, అంటే మనిషి తెలివి తప్పి చేసిన పనులదేనని ఆ అధ్యాయమే తేల్చింది. గాలి సోకిందంటూ భూతవైద్యుడి దగ్గరికి పరుగెత్తే ఊళ్లు నేటికీ ఉన్నాయి కాబట్టి ఆ తెగువకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. రోగి నెత్తినే నేరం పెట్టడం మాత్రం నాకు మింగుడుపడదు.

భ్రమకు చరకంలో వేరే పేరుంది: అతత్త్వాభినివేశం. నిలవనిదాన్ని నిత్యమని, చెడును మంచి అని పట్టుకుని వదలకపోవడం. అపస్మారం (మూర్ఛ రోగం) అధ్యాయం చివర దీన్ని మహాగదం, అంటే పెద్ద రోగం అన్నారు. బ్రాహ్మీరసం, శంఖపుష్పి వంటి మందులతోపాటు, మంచి చెప్పే స్నేహితులు పక్కన ఉండి ధైర్యం, జ్ఞాపకం, నిలకడ కలిగించాలన్నారు. అన్నీ ఇంత మెత్తగా లేవు. ఉన్మాద చికిత్సలో కోరలు తీసిన పాముతో బెదిరించడమూ ఉంది. దాన్ని దాచి గొప్పలు చెప్పుకోవడం తగదు.

చరక సంహితకు మూలమైన తంత్రం (శాస్త్రగ్రంథం) రాసిన అగ్నివేశుడూ, భేల సంహిత రాసిన భేలుడూ ఆత్రేయుడనే గురువు శిష్యులే. భేలుడు మనసు చోటును తలకూ అంగిలికీ నడుమ చూపాడు. దోషాలు పైకెక్కి ముందు మనసును, తర్వాత చిత్తాన్ని చెడగొడితే బుద్ధి నశిస్తుందని వరస చెప్పాడు. ఆ భేల సంహితకు ఆధారమైన రాతప్రతి తంజావూరు రాజభవన గ్రంథాలయంలో దొరికింది, అదీ తెలుగు లిపిలో. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసింది. ప్రతిలో చాలాచోట్ల భాగాలు పోయాయి. ఉన్మాదం మీద అధ్యాయం మిగిలింది.