కాల్టన్ సమాధుల మధ్య లింకన్, ఆసుపత్రి మంచాల మధ్య కవి

ఎడిన్‌బర్గ్ నడిబొడ్డున, వాటర్లూ ప్లేస్ రోడ్డు పక్కనే కాల్టన్ పాత శ్మశానం ఉంది. మొన్న సెలవు రోజు మేము కొందరం అటు వెళ్ళాం. లోపల అబ్రహాం లింకన్ విగ్రహం. పాదాల దగ్గర విముక్తి పొందిన బానిస చెయ్యి పైకి చాచి ఉన్నాడు. అమెరికా అధ్యక్షుడికి స్కాట్లాండ్ సమాధుల్లో ఏం పని అనిపించింది.

1861-65 మధ్య అమెరికాలో జరిగిన అంతర్యుద్ధంలో స్కాట్లాండ్ వాళ్ళు కూడా లింకన్ పక్షాన పోరాడారు. వాళ్ళలో మెక్‌యూవెన్ అనే సార్జెంట్ మేజర్ చనిపోయాక, ఆయన భార్య పింఛను కోసం ఇక్కడి అమెరికా కాన్సుల్ వాలెస్ బ్రూస్ దగ్గరికి వెళ్ళింది. కాన్సులేట్ మెట్లు ఎక్కి దిగినవాళ్ళకి ఆమె కష్టం మేము విడమరిచి చెప్పక్కర్లేదు. బ్రూస్ ఆమె గోడు విన్నాడు. తర్వాత అమెరికాలో చందాలు పోగుచేసి, ఆ సైనికుల గుర్తుగా 1893లో ఈ విగ్రహం పెట్టించాడు. బ్రూస్ కూడా కవే.

అయితే ఆ యుద్ధం అసలు మార్చేసిన కవి వాల్ట్ విట్మన్. వడ్రంగి కొడుకు. పదకొండేళ్ళకే బడి మానేసి, అచ్చాఫీసులో అక్షరాలు కూర్చే పని నేర్చాడు. బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదన్నందుకు 1848లో పత్రికా సంపాదకుడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1855లో వేసిన ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’లో ఛందస్సు వదిలేసి, వడ్రంగుల్ని, పడవవాళ్ళని, కూలీల్ని వరసపెట్టి కవిత్వంలోకి తెచ్చాడు. మన వచన కవిత్వం గురించి మాట్లాడేవాళ్ళు ఆయన పేరు తలుచుకునేది అందుకే.

యుద్ధం మొదలైనప్పుడు ఆయన కూడా అందరిలాగే ఢంకా మోగించే కవితలు రాశాడు. 1862 డిసెంబరులో తమ్ముడు జార్జి గాయపడ్డాడని తెలిసి వెతుక్కుంటూ వెళ్ళాడు. తమ్ముడిది చిన్న గాయమే. కానీ అక్కడ నరికి కుప్ప పోసిన కాళ్ళూ చేతులూ చూశాడు. ఇంక ఇంటికి పోలేదు. వాషింగ్టన్‌లో ఉండిపోయి పూట గడవడానికి గుమాస్తా పని చేస్తూ, మిగతా సమయమంతా ఆసుపత్రుల్లో గడిపాడు. ఆయన లెక్క ప్రకారమే ఆరు వందలసార్లకు పైగా వెళ్ళాడు. నారింజపళ్ళు, పొగాకు, కాగితాలు, తపాలా బిళ్ళలు పట్టుకెళ్ళేవాడు. రాయలేని కుర్రాళ్ళ మంచం పక్కన కూర్చుని, వాళ్ళు చెబుతుంటే అమ్మకి ఉత్తరాలు రాసిపెట్టేవాడు.

ఫోన్లు లేని రోజుల్లో మన క్యాంపుల్లోనూ చదువొచ్చిన ఒక అన్న ఉండేవాడు కదా, శుక్రవారం వస్తే అందరి ఉత్తరాలూ ఆయన మీదే. అలాంటివాడే అనుకోండి. ఎవరింట్లో ఏం కష్టమో అందరికన్నా ముందు ఆయనకే తెలిసేది.

ఆ తర్వాత విట్మన్ రాతలో ఢంకా తగ్గింది. గుడ్డలు, కట్లు, నీళ్ళ గిన్నె వచ్చాయి. 1865లో వచ్చిన ‘డ్రమ్ టాప్స్’లో ఈ రెండు రకాల కవితలూ పక్కపక్కనే కనిపిస్తాయి. అదే ఏడాది, ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ అసభ్యమని ఒక మంత్రి ఆయన్ని గుమాస్తా కొలువు నుంచి తీసేశాడు! అదే పుస్తకాన్ని మెచ్చుకుంటూ ఎడిన్‌బర్గ్‌లో పుట్టిన స్టీవెన్సన్ 1878లో వ్యాసం రాశాడు.

విట్మన్ 1892లో పోయాడు, ఈ విగ్రహం లేవడానికి ఏడాది ముందు. శ్మశానానికి టికెట్ లేదు.