థేమ్స్‌లో వేసేయమన్న నవల

ఈమధ్య మన గ్రూపులో ఒకావిడ ఒక ప్రశ్న పెట్టారు, మీలో చాలామంది చూసే ఉంటారు. "ఇంగ్లీషులో నవల రాయడం పూర్తయింది. ఇక్కడి పెద్ద పబ్లిషర్ల దగ్గరికి వెళ్దామంటే లిటరరీ ఏజెంటు ద్వారా వస్తేనే చూస్తామంటున్నారు. ఎవరండీ ఈ ఏజెంట్లు? ఎక్కడుంటారు? మనలాంటి వాళ్ల పుస్తకం ముట్టుకుంటారా?" అని. కింద బోలెడన్ని హార్టులూ చప్పట్లూ పడ్డాయి గానీ జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. నాకు తెలిసినంతలో నేనిస్తాను. కాకపోతే నా జవాబు తిన్నగా రాదు, మైసూరు మీదుగా వస్తుంది.

ముందు మన సంగతి. తెలుగులో ఈ మనిషికి సరైన పేరే లేదు, ఎందుకంటే అవసరం పడలేదు. మన అమ్మలూ అత్తలూ ఎదురుచూసి చదివిన సీరియళ్లు గుర్తున్నాయా? రంగనాయకమ్మ, యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన... వాళ్ల కాలంలో రాసేవాళ్లకి కావలసింది పత్రిక ఎడిటర్‌గారి చిరునామా, తిరుగు స్టాంపులు, కాస్త ఓపిక. నచ్చితే వేసుకుంటారు, లేకపోతే తిరిగొస్తుంది. సీరియల్‌కి పేరొస్తే విజయవాడలో ఎవరో ఒక పబ్లిషర్ పుస్తకంగా వేస్తారు. రచయిత్రికీ ఎడిటర్‌కీ మధ్య పోస్ట్‌మాన్ తప్ప ఇంకెవరూ లేరు. అందుకే ఏజెంటు అనగానే మనకి ఎల్ఐసీ ఏజెంటో గల్ఫ్ వీసా ఏజెంటో గుర్తొస్తారు. ఆ రెండో ఆయన గుర్తొస్తే కాస్త భయం కూడా వేస్తుంది.

ఇంగ్లండులోనూ మొదట్లో ఈ వృత్తి లేదు. ఆడవాళ్ల తరఫున నాన్నో, అన్నో, భర్తో ఆ పని చేసేవాళ్లు. 1797లో జేన్ ఆస్టెన్ తండ్రి, కూతురు రాసిన నవల ఒకటుంది చూస్తారా అని లండన్‌లో కాడెల్ అనే పబ్లిషర్‌కి ఉత్తరం రాశాడు. పంపించమని కూడా అనకుండా తిరుగు టపాలోనే వద్దన్నారు. అదే తర్వాత "ప్రైడ్ అండ్ ప్రెజుడిస్" అయిందని పండితులు అంటారు. ఇంకో నవలని 1803లో క్రాస్బీ అనే పబ్లిషర్ 10 పౌన్లకి కొన్నాడు. కొని అలమారలో పెట్టేశాడు. ఆరేళ్లు చూసి ఆవిడ మిసెస్ ఆష్టన్ డెనిస్ అనే మారుపేరుతో ఉత్తరం రాసింది. చివర పొడి అక్షరాలతో ఎం.ఎ.డి. అని సంతకం పెట్టింది, మ్యాడ్ అన్నమాట! ఫలానా తేదీలోగా అచ్చువేస్తామని మేం ఒప్పుకోలేదు, కావాలంటే ఆ 10 పౌన్లు ఇచ్చి తీసుకెళ్లు, వేరేచోట వేయిస్తే కోర్టుకెళ్తాం అని జవాబొచ్చింది. 1816లో ఆవిడ అన్న హెన్రీ ద్వారా అదే డబ్బు కట్టి విడిపించుకున్నారు. పుస్తకం "నార్తాంగర్ అబీ" పేరుతో బయటికొచ్చేసరికి ఆవిడ బతికి లేదు.

ఇవాళ ఏజెంటు రాయించే ఒప్పందంలో "ఇన్ని నెలల్లో అచ్చువేయకపోతే హక్కులు రచయితకే తిరిగి వస్తాయి" అన్న వాక్యం ఒకటి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం లేక ఆస్టెన్‌కి పదమూడేళ్లు పోయాయి.

19వ శతాబ్దం చివరికి ఏ.పి. వాట్ అనే స్కాట్‌లండ్ మనిషి లండన్‌లో దీన్ని ఒక వృత్తిగా నిలబెట్టాడు. రచయిత తరఫున పబ్లిషర్‌తో బేరమాడతాడు, వచ్చినదాంట్లో నూటికి పది తీసుకుంటాడు. కిప్లింగ్, కోనన్ డాయిల్ లాంటివాళ్లు ఆయన దగ్గర చేరారు. ఈ మధ్యమనిషి మాకెందుకని గొణిగిన పబ్లిషర్లు ఉన్నారు, హైనెమాన్‌కైతే ఏజెంట్లంటే అసలు గిట్టేది కాదు. మధ్యమనిషి వస్తే ధర పెరుగుతుందని కూరగాయల బజారులో కూడా తెలుసు కదా.

ఇక మైసూరు.

దూరదర్శన్‌లో 1986లో వచ్చిన "మాల్గుడి డేస్" మీలో నలభై దాటినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. శంకర్ నాగ్ తీసింది. అందులో పరీక్షలంటే భయపడి, క్రికెట్ అంటే ప్రాణం పెట్టే స్వామి ఉన్నాడే, ఆ స్వామి అసలు లోకం చూడకుండానే మునిగిపోవలసినవాడు. నిజంగానే, నీళ్లలో.

ఆర్.కె. నారాయణ్ 1906లో మద్రాసులో పుట్టారు. చిన్నతనం అమ్మమ్మ దగ్గర గడిచింది. నాన్న మైసూరులో హెడ్‌మాస్టరు. ఈయన యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు తప్పారు! చివరికి ఎలాగో 1930లో బి.ఏ. అయింది. టీచరు ఉద్యోగంలో చేరి కొద్ది రోజులకే మానేసి, ఇంట్లో కూర్చుని నవలలు రాస్తానన్నారు. ఆ మాట మన ఇళ్లల్లో ఎవరైనా అంటే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. అయితే ఆయన అమ్మమ్మ మంచిరోజు చూసి పెట్టింది. ఆ రోజున ఒక నోటుబుక్కు కొని మొదటి వాక్యం రాశారు. మాల్గుడి అనే ఊరూ దాని రైల్వేస్టేషనూ అప్పుడే పుట్టాయి. పుస్తకానికి ముహూర్తం పెట్టిన ఆ ముసలావిడ మీద నాకు భలే అభిమానం.

రాయడం ఒక ఎత్తు, అమ్మడం ఒక ఎత్తు. అప్పట్లో ఇంగ్లీషులో నవల రాస్తే లండన్‌కి పంపాల్సిందే. కట్ట ఓడెక్కి వెళ్లాలి, వాళ్లు వద్దంటే మళ్లీ ఓడెక్కి రావాలి. పోనూ రానూ తపాలా ఖర్చు మనదే. ఒక్కో తిరస్కారానికి నెలలు పట్టేవి. రాత మీద మొదటి ఏడాది ఆయన సంపాదన 9 రూపాయల 12 అణాలు. మధ్యలో మద్రాసు పత్రిక "జస్టిస్"కి మైసూరు విలేఖరిగా పనిచేశారు. 1933లో కోయంబత్తూరులో అక్కగారింటికి వెళ్లినప్పుడు రాజం అనే అమ్మాయిని చూసి ఇష్టపడ్డారు. జాతకాలు కలవలేదన్నారు, సంపాదన లేదన్నారు. రెండూ నిజమే. అయినా మామగారిని ఒప్పించి పెళ్లి చేసుకున్నారు. అంటే ఆ కట్ట ఓడల మీద తిరుగుతున్నంతకాలం ఇక్కడ ఒక కాపురం దాని జవాబు కోసం చూస్తోందని మర్చిపోకండి.

ఆయనకి పూర్ణ అని ఒక మైసూరు స్నేహితుడున్నాడు. దగ్గరివాళ్లకి కిట్టు. ఆక్స్‌ఫర్డ్‌లో ఎక్సెటర్ కాలేజీలో చదువుతున్నాడు. లండన్ పబ్లిషర్లు ఒకరి తర్వాత ఒకరు వద్దన్నాక, కట్ట చివరికి ఈ పూర్ణ దగ్గరికి చేరింది. విసిగిపోయిన నారాయణ్ అతనికి రాసిన మాట ఏమిటో తెలుసా? దానికి ఒక రాయి కట్టి థేమ్స్ నదిలో వేసెయ్ అని.

పూర్ణ ఆ మాట వినలేదు. అప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోనే ఉంటున్న గ్రాహం గ్రీన్‌తో అతనికి పరిచయముంది. గ్రీన్‌కి అప్పుడు ముప్ఫై ఏళ్లుంటాయి, ఇంకా అంత పెద్ద పేరు రాలేదు. కట్ట తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాడు. అక్కడా వెంటనే ఏమీ జరగలేదు. అది కొన్ని వారాలు బల్ల మీదే పడి ఉందనీ, ఒక వానరోజున ఏమీ తోచక తీశాననీ తర్వాత గ్రీన్‌గారే రాశారు. చదివాక మాత్రం ఊరుకోలేదు. తన ఏజెంటు డేవిడ్ హయమ్‌కి అప్పగించారు. హామిష్ హామిల్టన్ అనే పబ్లిషర్ తీసుకున్నారు. 1935లో "స్వామి అండ్ ఫ్రెండ్స్" వచ్చింది. ఆ పేరు కూడా గ్రీన్ సూచించిందే, నారాయణ్ పెట్టిన పేరు "స్వామి, ద టేట్". రచయిత పేరు నారాయణస్వామి అంటే ఇక్కడి లైబ్రరీల్లో అడిగేవాళ్లకి నోరు తిరగదని, నారాయణ్‌గా కుదించమన్నదీ ఆయనే. ఇక్కడి ఆఫీసుల్లో లక్ష్మీనరసమ్మలు లక్కీలైపోవడం మనకేం కొత్త కాదు గానీ, ఆ చివరి "స్వామి" పోయినందుకు నాకు ఎప్పుడూ కొంచెం చివుక్కుమంటుంది.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. ఏజెంటు అవసరం అసలు ఇక్కడే మొదలైంది. సమీక్షలు బాగా వచ్చాయి, పుస్తకం మాత్రం అమ్ముడుపోలేదు. రెండో నవల "ద బ్యాచిలర్ ఆఫ్ ఆర్ట్స్"ని 1937లో వేరే పబ్లిషర్, నెల్సన్, వేశారు. మూడోది "ద డార్క్ రూమ్" 1938లో మాక్‌మిలన్. నాలుగోది 1945లో ఐర్ అండ్ స్పాటిస్‌వుడ్. నాలుగు నవలలు, నలుగురు పబ్లిషర్లు! అమ్మకం లేని రచయిత, అదీ మైసూరులో కూర్చున్నవాడు, ఒక్కో గుమ్మం మూసుకున్నప్పుడల్లా ఇంకో గుమ్మం తానే వెతుక్కోవాలంటే ఎలా? గ్రీన్ మాట సాయం, లండన్‌లో ఏజెంటు ఉండటం, ఈ రెండూ కలిసి ఆయన్ని నిలబెట్టాయి. మొదటి పుస్తకం అమ్మిపెట్టేవాళ్లు దొరకచ్చు, రెండోదానికి కూడా మీ పక్కన ఉండేవాళ్లే ఏజెంటు అని నేననుకుంటాను.

డబ్బు మాత్రం రాలేదు. 1937లో తండ్రి పోయారు. ఇల్లు గడవడానికి మైసూరు ప్రభుత్వం కోసం ఆ రాజ్యం గురించి ఒక పుస్తకం రాయడానికి ఒప్పుకున్నారు. 1939లో రాజం టైఫాయిడ్‌తో పోయింది. కూతురు హేమకి అప్పుడు మూడేళ్లు. ఆ దుఃఖంలోంచి వచ్చిందే నాలుగో నవల "ది ఇంగ్లీష్ టీచర్". యుద్ధకాలంలో ఇంగ్లండుతో సంబంధాలు తెగిపోతే మైసూరులో తనే ఇండియన్ థాట్ పబ్లికేషన్స్ అని పెట్టుకున్నారు. అమెరికాలో ఆయన పుస్తకాలు 1953లో గానీ మొదలవలేదు. 1956లో మొదటిసారి విదేశం వెళ్లినప్పుడు లండన్‌లో గ్రీన్‌ని కళ్లారా చూశారు. అంటే ఇరవై ఏళ్లు ఉత్తరాల మీదే నడిచిన బంధం.

ఈ కథలో అందరూ మెచ్చుకునేది గ్రీన్‌ని. నేను పూర్ణనే ఎక్కువ మెచ్చుకుంటాను. అతను పేరున్నవాడు కాదు, విద్యార్థి. చదువుకోవడానికి పైదేశం వచ్చిన కుర్రాడు, ఇంటి నుంచి వచ్చిన ఒక బరువు నెత్తినేసుకుని, తెలిసిన గుమ్మం తట్టాడు.

ఒక సంగతి మాత్రం గుచ్చుకుంటుంది. నారాయణ్‌కి కాలేజీ చదువుంది, ఆక్స్‌ఫర్డ్‌లో స్నేహితుడున్నాడు, రాసుకుంటానంటే కసిరినా భరించిన ఇల్లుంది. అదే ఇంట్లో రాజమ్మకో, అక్కగారికో రాయాలనిపిస్తే ఆ కట్ట ఎవరు మోసేవారు? "ద డార్క్ రూమ్"లో సావిత్రి భర్త తీరు భరించలేక ఇల్లు వదిలి నదిలోకి దిగుతుంది. ఒకాయన బయటికి లాగుతాడు. గుడిలో పనికి కుదిరినా పిల్లల మీద బెంగతో, సొంత సంపాదన లేక, మళ్లీ అదే ఇంటికి వస్తుంది. 1938లో మగాయన రాసిన ఈ నవల మీరు చదవకపోతే చదవండి, స్వామి కన్నా మనకి దగ్గరగా ఉంటుంది.

ఇప్పుడు ప్రశ్న అడిగినావిడకి. హయమ్ పేరు మీద ఏజెన్సీ లండన్‌లో ఇప్పటికీ నడుస్తోంది. ఇవాళ ఏజెంటు వాటా ఇక్కడి అమ్మకాల మీద సాధారణంగా నూటికి 15, విదేశీ అమ్మకాల మీద 20. అదీ మీకు డబ్బు వచ్చాకే. చదవడానికి ఫీజు కట్టమంటే ఆ మనిషి ఏజెంటు కాదు, అక్కడితో ఆపేయండి. చాలామంది అడిగేది ఒక పేజీ ఉత్తరం, ముగింపుతో సహా కథ సారాంశం, మొదటి మూడు అధ్యాయాలు. జవాబుకి రెండు మూడు నెలలు పట్టచ్చు, కొందరు అసలు ఇవ్వరు. ఒకేసారి కొందరికి పంపడం తప్పు కాదు, మీ నవల లాంటివి ఇదివరకు తీసుకున్నవాళ్లని ఎంచుకోండి. ఏజెంట్ల పేర్లన్నీ "రైటర్స్ అండ్ ఆర్టిస్ట్స్ ఇయర్‌బుక్"లో ఉంటాయి, 1906 నుంచి వస్తున్న పుస్తకం, మీ ఊరి లైబ్రరీలో అడగండి.

మొదటి మూడు అధ్యాయాలు గ్రూపులో పెట్టకండి, నాకు విడిగా పంపండి. ఈ నెలాఖరుకి చదివి ఎక్కడ ఆగిపోయానో చెప్తాను. చదవగలిగినవాళ్లు ఇంకో ఇద్దరు ముందుకొస్తే మంచిది. పుస్తకాల పనిలో ఉన్న పిల్లలో, కోడళ్లో మీ ఇళ్లల్లో ఎవరైనా ఉంటే ఆవిడకి మెసేజ్ పెట్టండి.